దానమ్మ నడక

తడిగుడ్డ పెట్టిన గచ్చు ఆరింది. దానమ్మ చిన్న కుర్చీలను రెండేసి చేతులకు తగిలించుకుని గోడవార నుంచి తెచ్చి, గది మధ్యలో గుండ్రంగా సర్దుతోంది. ఎడమ అడుగు పడినప్పుడల్లా మనిషంతా ఆ పక్కకి ఒరిగిపోయి, కుడి అడుగుతో మళ్ళీ లేస్తుంది. ఒరిగినప్పుడు కుర్చీ కాళ్ళు నేలకి తగిలి టక్కుమంటాయి. పైఅంతస్తులో కాపురముండే ఛాయాదేవి గారికి ఆ చప్పుడు వినబడిందంటే బడి మొదలయ్యే వేళయిందని లెక్క.

పటమటలో ఒక సందులో ఉందా ఇల్లు. కింది భాగాన్ని ఛాయాదేవి గారు ప్లేస్కూలు చేశారు. గోడల నిండా కుందేళ్ళు, జిరాఫీలు, ఇంగ్లీషు అక్షరాలు. హాల్లో ఒక మూల, వరండాలో ఒక మూల కెమెరాలు. తల్లిదండ్రులు ఆఫీసుల్లో కూర్చుని తమ ఫోన్లలో పిల్లల్ని చూసుకుంటారు. వరండా గుమ్మం మీద ఇంగ్లీషులో ఏదో పెద్ద అక్షరాలతో రాయించారు. దానమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు గానీ, కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఛాయాదేవి గారు దాని అర్థం చెబుతుంటే విని విని నోటికొచ్చేసింది. "పిల్లలు మనం చెప్పింది వినరండీ. మనం చేసింది చూస్తారు."

దానమ్మకి యాభై దాటాయి. నల్లటి సన్నటి మనిషి. బుగ్గ ఎముకలు పైకి తేలి, కళ్ళు లోపలికి పోయి, నూనె పెట్టి బిగించి దువ్విన తల చిన్న ముడిలో ఇమిడిపోయి ఉంటుంది. మెడలో నల్లదారానికి గుణదల మాత బిళ్ళ. నడుము నుంచి పైకి చూస్తే గట్టి మనిషే. బియ్యం బస్తా అయినా ఎత్తగల భుజాలు. ఎడమ మోకాలి కింద మాత్రం కాలు చంటిపిల్ల చెయ్యంత సన్నం. మూడో ఏట జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం తగ్గాక కుడికాలు పెరిగింది, ఎడమకాలు పెరగడం మానుకుంది.

గేటు బయట కార్లు, స్కూటర్లు ఆగడం మొదలైంది. ఏడుస్తున్న వాళ్ళని ఎత్తుకుని, పరిగెత్తే వాళ్ళని పట్టుకుని, సంచులు కొక్కేలకి తగిలిస్తూ దానమ్మ వరండాకీ హాలుకీ మధ్య తిరిగింది.

పిల్లలకి చెప్పి చేయించడం దానమ్మకి రాదు. చేతులు కడుక్కోమని టీచరమ్మ ఎంత పాట పాడినా ఒక్కడూ కదలడు. దానమ్మ ఏమీ అనకుండా పొట్టి కుళాయి ముందు చతికిలబడి, వేళ్ళ సందులు ఒక్కొక్కటే రుద్దుకుంటూ, "ఈ సందులో మన్నుంది. ఇదిగో, ఈ సందులో కూడా ఉంది" అని తనలో తను గొణుక్కుంటుంది. కాసేపటికి ఒకడొచ్చి పక్కన కూర్చుంటాడు. వాణ్ని చూసి ఇంకో పిల్ల. చివరికి కుళాయి చుట్టూ చోటుండదు. అన్నం ముద్ద ఊదుకోవడం, పుక్కిలించడం, తువ్వాలు మడవడం, అన్నీ ఆ పిల్లలకి అలా వచ్చినవే. అక్కర్లేనివి కూడా వచ్చేవి. ఒక గడుగ్గాయి కుర్చీలోంచి లేచినప్పుడల్లా నడుము పట్టుకుని "అమ్మా, మరియ తల్లీ" అనేవాడు. వాళ్ళమ్మ నవ్వలేక చచ్చిందట. ఇంటికి చుట్టాలొస్తే వాణ్ని కూర్చోబెట్టి లేపి ఆ మాట అనిపించేదట. ఛాయాదేవి గారు కూడా ఆ సంగతి విని నవ్వారు.

మోక్షితని వాళ్ళమ్మ సింధూరి ఎత్తుకుని తీసుకొచ్చింది. దింపితే నడుస్తుంది, నడిస్తే చూడాల్సి వస్తుంది. అందుకని ఈమధ్య ఎత్తుకునే తెస్తోంది. బందరు రోడ్డులో ఏదో బ్యాంకులో పని. కళ్ళ కింద నల్లటి చారలు. పిల్ల మోచేతి మడతలో దూది పెట్టి అంటించిన ప్లాస్టరు ఉంది.

"రేపు తీసుకురానండీ," అంది టీచరమ్మతో. "స్కానింగు. కదలకుండా ఉండాలని మత్తు ఇస్తారట. ఎక్స్‌రేలో ఏమీ లేదు, రక్తంలో ఏమీ లేదు. ఒకోసారి పొద్దున్నే బాగానే నడుస్తుంది. ఇక్కణ్ణించి తీసుకెళ్ళిన సాయంత్రం చూడాలి, ఎడమ పక్కకి పడిపోతున్నట్టే. నరాల్లో ఏదన్నా ఉందేమో అంటున్నారు. రెండున్నరేళ్ళ పిల్లకి మత్తంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

పిల్ల భుజం మీంచి సంచీ తీస్తున్న దానమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. సింధూరి వంగి కూతురి తల ముద్దు పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మోక్షిత దానమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. దానమ్మ సంచీ తగిలించడానికి కొక్కెం వైపు నడిచింది. వెనక మోక్షిత నడిచింది. ఇద్దరూ ఎడమకి ఒరిగారు, ఇద్దరూ లేచారు.

ఆ పిల్ల కాలికి ఏ రోగమూ లేదు. అది ఆ ఇంట్లో ఒక్క దానమ్మకే తెలుసు.

వానాకాలంలో చేరినప్పుడు మోక్షితకి మాటలు సరిగా లేవు. ఎవరి ముఖమూ చూసేది కాదు. గేటు ఊచలు పట్టుకుని ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. బొమ్మలు చూపించారు, పాటలు పెట్టారు. దానమ్మ మాత్రం దగ్గరికి పోలేదు. కాస్త దూరంలో కూర్చుని ఉతికిన చేతిగుడ్డలు మడత పెట్టుకుంటూ పోయింది. పోగు సగమయ్యేసరికి ఒక చిన్న చెయ్యి వచ్చి గుడ్డ ఒకటి తీసింది. దానమ్మ తల ఎత్తలేదు. మడత పెట్టింది. పిల్లా మడత పెట్టింది. దానమ్మ గుడ్డ విదిలించింది. పిల్లా విదిలించింది. అంతే, ఆ రోజు నుంచి దానమ్మ ఎటు పోతే అటు. దానమ్మ కొంగు దోపితే అది గౌను అంచు దోపుకునేది. దానమ్మ తడిగుడ్డ పిండితే అది ఉత్తి చేతులు పిండేది. చెంచా ముట్టని పిల్ల, దానమ్మ ఎదురుగా కూర్చుని పెరుగన్నం తింటుంటే చూసి తన చేత్తో తను తినడం నేర్చుకుంది. ఫోన్లో అది చూసి సింధూరి బ్యాంకులోనే ఏడ్చిందని టీచరమ్మ చెప్పింది. మర్నాడు సింధూరి దానమ్మకి ఒక కొత్త చీర తెచ్చి, "నువ్వు లేకపోతే మా పిల్ల ఏమయ్యేదో ఆయమ్మా" అంది.

తర్వాత నడక వచ్చింది.

ఒకనాడు వరండా అద్దం తలుపులో దానమ్మకి అది కనబడింది. తన వెనక చిన్న ఆకారం. తను ఒరిగినప్పుడు ఒరుగుతోంది, లేచినప్పుడు లేస్తోంది. చూసీ చూడగానే ఒంట్లో రక్తమంతా ముఖంలోకి తన్నింది.

వెనక అలా నడిచిన వాళ్ళని దానమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎరుగును. కంకిపాడు దాటాక కాలవగట్టు మీద ఉన్న పేట వాళ్ళది. తల్లి శౌరమ్మ నాట్లకి పోయేది, తండ్రి బాతుల్ని మేపేవాడు. ముందు బాతు గట్టు మీద ఎక్కడ మెడ వంచితే వెనకవి కూడా అక్కడే మెడ వంచుతాయి. ఎందుకు వంచిందో వాటికి పని లేదు. దానమ్మ తల్లికి చద్ది పట్టుకుని గట్టు మీద పోతుంటే మగపిల్లలు వరసగా ఆ బాతుల్లాగే వెనకబడేవాళ్ళు. అందరూ ఒక్కసారే ఎడమకి ఒరగడం, ఒక్కసారే లేవడం. దానమ్మ ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. నవ్వుల్ని బట్టే ఎందరున్నారో చెప్పగలిగేది. పెళ్ళయ్యాక ఆటోనగర్‌కి వచ్చింది. మొగుడు లాజరు లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని పోతే, షెడ్డు గుమ్మంలో ఉండగానే లోపల నవ్వులు లేచేవి. ఒకరోజు కాస్త ముందుగా పోయింది. లాజరు ఖాళీ క్యారేజీ చేత పట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ, తోటివాళ్ళ ముందు అటూ ఇటూ నడుస్తున్నాడు. బాగానే నడిచాడు. అచ్చు తనలాగే. దానమ్మ గుమ్మంలో క్యారేజీ పెట్టి వచ్చేసింది. అతను పోయి చాలా ఏళ్ళయినా, అతని ముఖం తలుచుకుంటే ఆ నడకే గుర్తొస్తుంది.

అందుకే అద్దంలో ఆ చిన్న ఆకారం చూసినప్పుడు పళ్ళు బిగించుకుని వెనక్కి తిరిగింది. తిరిగి చూస్తే పిల్ల ముఖంలో నవ్వు లేదు. నాలిక కొస బయటికి పెట్టి, కళ్ళు దానమ్మ పాదాల మీద పెట్టి, సూదిలోకి దారం ఎక్కించే మనిషంత శ్రద్ధగా నడుస్తోంది. గుడ్డ మడిచినప్పుడూ, అన్నం ముద్ద చేసినప్పుడూ ఉన్న ముఖమే. పెద్దవాళ్ళు నడవడమంటే ఇలాగే కాబోలు, తనూ ఇలాగే నడవాలి కాబోలు అనుకున్న ముఖం.

దానమ్మ ఉన్నచోటే కూలబడి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. వెక్కిరించకుండా తన నడక నడిచినవాళ్ళు ఆమె జన్మలో ఇద్దరే. ఇది రెండోది.

మొదటివాడు సొంత కొడుకు.

ఆ సంగతి ఈ బళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఈరోజు చెప్పాల్సి వస్తుందేమోననుకుంటూ, పిల్లలు బొమ్మల ముందు కూర్చున్న వేళ చూసి ఛాయాదేవి గారి గది దాకా వెళ్ళింది. తలుపు సగం తెరిచి ఉంది. ఆవిడ ఫోన్లో ఎవరితోనో వచ్చే ఏడాది అడ్మిషన్ల గురించి మాట్లాడుతున్నారు. దానమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. మాటలు కూడగట్టుకుంది. 'మేడమ్ గారూ, ఆ పిల్లకి ఏమీ లేదండీ. నన్ను చూసి నడుస్తందంతే. రేపు మత్తు ఇవ్వద్దని చెప్పండి.' ఇంతే కదా చెప్పాల్సింది. నోరు తెరిస్తే అయిపోతుంది. అయిపోయాక ఏమవుతుందో కూడా దానమ్మకి తెలుసు. ఒకసారి అయింది కనుక.

కొడుకు జోయెల్‌కి నడక వచ్చిన కొత్తలో లాజరు తల్లి సంపూర్ణమ్మ హనుమాన్ జంక్షన్ నుంచి మనవణ్ణి చూడటానికి వచ్చింది. వాకిట్లో దానమ్మ నీళ్ళ బిందె మోసుకుపోతోంది. వెనక జోయెల్, ఉత్తి చెంబు ఒకటి చంకన పెట్టుకుని, ఎడమకి ఒరుగుతూ వస్తున్నాడు. సంపూర్ణమ్మ గుండెలు బాదుకుంది. నా కొడుకు వంశంలో కుంటివాళ్ళు లేరంది. వాడి కాలు సాగదీసి, పిసికి, మంచిదేనని తేల్చుకున్నాక, వాడి చేతిలో చెంబు లాగేసి అవతల పారేసింది. "దీని కళ్ళెదుట ఉంటే వీడికి ఇదే అలవాటవుద్ది. నడక కుదురుకునే దాకా నా దగ్గరుంచుకుంటా" అంది. లాజరు సరేనన్నాడు. దానమ్మని ఎవరూ అడగలేదు. సాయంత్రం బస్సుకి తీసుకుపోయారు. నడక నెల తిరక్కుండా కుదురుకుంది. కొడుకు మాత్రం తిరిగి రాలేదు. ఇంకాస్త గట్టిపడనీ అన్నారు. బడిలో వేశామన్నారు. తర్వాత వాడే రానన్నాడు.

ఇప్పుడు జోయెల్ హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన టైర్ల షాపులో పని చేస్తున్నాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. పండగ ముందు ఎప్పుడైనా దానమ్మ బస్సెక్కి వెళితే, బస్సు దిగీ దిగగానే ఎదురొచ్చి, "కూర్చోమ్మా, ఎందుకు తిరుగుతావ్" అని షాపు ముందున్న కుర్చీలో కూర్చోబెడతాడు. టీ అక్కడికే తెప్పిస్తాడు. పిల్లల్ని అక్కడికే పిలిపిస్తాడు. మళ్ళీ బస్సొచ్చేదాకా లేవనివ్వడు. చూసినవాళ్ళు తల్లంటే ఎంత ప్రేమో అనుకుంటారు. దానమ్మ కూడా కొన్నాళ్ళు అలాగే అనుకుంది.

ఛాయాదేవి గారు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, ఏమిటన్నట్టు కనుబొమలు ఎగరేశారు.

"ఏం లేదండీ. ఫినాయిలు అయిపోయింది," అంది దానమ్మ.

ఆవిడ సరేనన్నట్టు చెయ్యి ఊపారు. దానమ్మ వెనక్కి వచ్చేసింది. సాయంత్రం సింధూరి వచ్చినప్పుడు గేటు అవతలికి పిలిచి తనే చెప్పేయాలి, మూడోమనిషి లేకుండా చెప్పాలి అనుకుంది. ఈ ఒక్క పూటా గడవనీ.

మధ్యాహ్నం పిల్లలకి అన్నాలయ్యాయి. దానమ్మ ఎంగిలి ప్లేట్లు దొంతర పెట్టుకుని వరండాలోంచి వంటింటివైపు నడిచింది. వెనక మోక్షిత తన ప్లేటు రెండు చేతులా పట్టుకుని నడిచింది. ఆ సమయానికి బందరు రోడ్డు బ్యాంకులో సింధూరి క్యారేజీ విప్పుకుని, పక్కన ఫోను నిలబెట్టి, ఎప్పటిలాగే కూతుర్ని చూసుకుంటోంది. ఇన్నాళ్ళూ పిల్లనే చూసింది, ఈసారి ముందు నడిచే మనిషినీ చూసింది.

ఆటో దిగి గేటు తీసుకుని వచ్చినప్పుడు ఆమె చేతికి ఇంకా పప్పు అంటుకునే ఉంది.

దానమ్మని లోపలికి పిలిచారు. ఛాయాదేవి గారు కుర్చీలో, సింధూరి నిలబడి. సింధూరి ఫోను బల్ల మీద పెట్టి జరిపింది. తెర మీద వరండా. దొంతర పట్టుకున్న పెద్దావిడ, ప్లేటు పట్టుకున్న పిల్ల. ఒరగడం, లేవడం. పైనుంచి చూస్తే తన నడక అంత వికారంగా ఉంటుందని దానమ్మకి ఇన్నేళ్ళకి తెలిసింది.

"నీకు తెలుసా ఇది?" అంది సింధూరి.

"తెలుసమ్మా."

"ఎప్పట్నించీ?"

"అలా నడిచిన మొదటి రోజు నుంచీ తెలుసు."

"నేను రోజూ పొద్దున్నే ఇక్కడ నిలబడి చెబుతున్నాను. విన్నావ్. దాని చేతికి సూదులు గుచ్చినప్పుడు చూశావ్. రేపు మత్తు ఇస్తారని కూడా విన్నావ్. ఒక్క మాట చెప్పాలనిపించలేదా ఆయమ్మా?"

"సాయంత్రం చెబుదామనుకున్నానమ్మా."

ఆ మాట తన చెవికే అబద్ధంలా వినబడింది. ఇద్దరూ ఆమె వంక చూసి, తర్వాత ఒకరి వంక ఒకరు చూసుకున్నారు.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఊరికే అనలేదు," అన్నారు ఛాయాదేవి గారు నెమ్మదిగా. "మనం జాగ్రత్తగా ఉండాలి కదా దానమ్మా."

జాగ్రత్తగా ఎలా ఉండాలో దానమ్మకి తోచలేదు.

సింధూరి కోపం అంతలోనే నీరుగారిపోయింది. కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. కాలు మంచిదేనన్న సంగతి అప్పుడే ఆమెకి ఒంటికి పట్టినట్టుంది. కాసేపటికి తల ఎత్తి, అడగనా వద్దా అన్నట్టు అడిగింది. "ఆయమ్మా, నువ్వు తిన్నగా నడవలేవా? ఎప్పుడూ కాదు. కాసేపు. అది చూసేట్టు. నేను నడిచి చూపిస్తే నా వంకైనా చూడదు. నిన్నయితే చూస్తుంది."



"చూస్తానమ్మా," అంది దానమ్మ.

వరండా పొడవునా నలుపూ తెలుపూ పలకలు. దానమ్మ చీర కుచ్చిళ్ళు కిందికి లాగి, పాదాలు కనబడకుండా చేసుకుంది. ఎడమ మడమ పైకెత్తి మునివేళ్ళ మీద నిలబడితే రెండు తుంట్లూ సమమయ్యాయి. కుడి అడుగు వేసింది. ఎడమ మునివేళ్ళ మీద బరువు పడగానే తుంటిలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. గోడ పట్టుకుంది. గోడ పడితే పిల్లా పడుతుంది. చెయ్యి తీసేసింది. కింది పెదవి పళ్ళ మధ్య బిగించి, ఊపిరి బిగబట్టి, నల్ల పలక మీంచి తెల్ల పలక మీదికి, తెల్ల పలక మీంచి నల్ల పలక మీదికి నడిచింది. వరండా చివర దాకా నడిచి తిరిగింది. ఒంటి మీద చెమట కాలవ కట్టింది.

మోక్షిత హాలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. దానమ్మ తనని దాటుకుపోగానే, ఎప్పటిలాగే వెనక బయలుదేరింది. రెండడుగులు ఒరిగింది. ముందున్న మనిషి ఒరగలేదు. పిల్ల ఆగింది. తల పక్కకి వాల్చి చూసింది. నడిచింది. మళ్ళీ ఒరిగింది, మళ్ళీ చూసింది. మూడో విడత వచ్చేసరికి ఒరగడం మానేసింది. చిన్న వీపు నిటారుగా పెట్టి, అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ, పలక తప్పకుండా నడిచింది.

సింధూరి వరండా చివర గొంతుక్కూర్చుని ఫోనుతో తీస్తోంది. "నడుస్తోందండీ. తిన్నగా నడుస్తోంది," అంటోంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. ఆమె ఫోను, ఆమె కళ్ళు పిల్ల పాదాల మీదే ఉన్నాయి.

దానమ్మ తిరిగి చూసినప్పుడు పిల్ల ముఖం చూసింది. నాలిక కొస బయట లేదు. మోక్షిత కింది పెదవిని చిన్న పాలపళ్ళతో కొరికి పట్టుకుని ఉంది. కనుబొమలు ముడిపడి, ముక్కు పుటాలు విచ్చుకుని, ఊపిరి బిగబట్టి నడుస్తోంది. పెద్దవాళ్ళు తిన్నగా నడవాలంటే ఇలాగే నడవాలి కాబోలు.

దానమ్మ చప్పున పెదవి వదిలేసింది. నవ్వబోయింది. నవ్వేసరికి పట్టు సడలి మడమ నేలకి దిగిపోయింది, ఒళ్ళు ఎడమకి ఒరిగింది. వెనక పిల్ల నవ్వింది, ఒరిగింది.

"అయ్యో, ఆయమ్మా," అంది సింధూరి.

దానమ్మ మళ్ళీ మడమ ఎత్తింది. మళ్ళీ పెదవి కరుచుకుంది. ఇంకో రెండు విడతలు నడిచింది. నోట్లో ఉప్పగా తగిలింది. నడుస్తున్నంతసేపూ ఆమెకి వాకిలి కనబడుతూనే ఉంది, ఆటోనగర్ ఇంటి వాకిలి. చంకలో చెంబుతో నిలబడ్డ వాడు కనబడుతూనే ఉన్నాడు. ఆనాడు అత్త గానీ మొగుడు గానీ, ఒక్కసారి తిన్నగా నడిచి చూపించవే అని అడిగి ఉంటే, నిప్పుల మీదైనా నడిచి ఉండేది. అప్పుడు ఇరవై రెండేళ్ళ ఒళ్ళు. ఎంత దూరమైనా నడిచేది. ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్ళకి తట్టలేదు. నడవగలనని తనకీ తట్టలేదు.

ఆ సాయంత్రం పిల్లని తీసుకువెళ్ళడానికి తండ్రి జయకృష్ణ కూడా వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల వ్యాపారం. పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి. కూతుర్ని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించుకుని చూసుకున్నాడు. చంకలో ఒక అట్టపెట్టె ఉంది. బడి గుమ్మంలో చెప్పులు పెట్టుకునే అరమీద దాన్ని పెట్టి, మూత తీసి భార్యకి చూపించాడు. "ఎక్స్‌రేకి ముందే ఎముకల డాక్టరు చెబితే ఆర్డరిచ్చాం కదా. ఇవాళే వచ్చాయి. ఇంక ఇవెందుకు మనకి," అని నవ్వాడు. సింధూరి కూడా నవ్వి, వాటి వంక చూడనైనా చూడకుండా పిల్లని ఎత్తుకుంది. దానమ్మ పక్కనుంచి పోతూ ఆగి, "థాంక్స్ ఆయమ్మా" అంది. కారు వైపు నడిచింది. తల్లి భుజం మీంచి మోక్షిత వెనక్కి చూస్తోంది. పెదవి ఇంకా పళ్ళ కిందే ఉంది.

అందరూ వెళ్ళాక ఛాయాదేవి గారు కిందికి వచ్చారు.

"సింధూరి జరిగిందంతా రాసి, ఆ వీడియో పేరెంట్స్ గ్రూపులో పెట్టింది దానమ్మా. సంతోషం పట్టలేక పెట్టింది, పాపం. ఇప్పుడు మిగతావాళ్ళు అడుగుతున్నారు. మావాడు కూడా ఒకోసారి అలాగే నడుస్తున్నాడు, మా పిల్ల కూడా ఏమవుతుందోనని. నేనేం చెప్పను చెప్పు."

"నిజమేనండీ."

"రేపట్నుంచి కొన్నాళ్ళు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకో. మళ్ళీ అవసరమైతే నేనే కబురు చేస్తాను. నీ పని మీద నాకేం ఫిర్యాదు లేదు."

"అలాగే మేడమ్ గారు."

ఆవిడ ఇంకో నిమిషం నిలబడ్డారు. దానమ్మ ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమోనని కాబోలు. దానమ్మ చీపురు అందుకునేసరికి మెట్లెక్కి వెళ్ళిపోయారు.

దానమ్మ హాలు ఊడ్చింది. కుర్చీలు రెండేసి ఎత్తి గోడవారకి చేర్చింది. నడుం వంగడం లేదు, తుంటి మండిపోతోంది. ఇంక చూసేవాళ్ళు లేరు గనుక పూర్తిగా ఒరిగిపోతూ, తన నడక తను నడిచింది. చేతిగుడ్డలు పిండి ఆరేసింది. కొక్కెం మీద మిగిలిపోయిన టోపీ ఎవరిదో గుర్తుపట్టి, కనబడేట్టు కిటికీలో పెట్టింది. గుమ్మం దగ్గరికి వచ్చి, అరమీద దుమ్ము తుడుస్తూ అట్టపెట్టె చూసింది. మూత పక్కనే పడి ఉంది.

లోపల ఒక జత బూట్లు. తెల్లతోలు, గులాబీ రంగు పట్టీలు. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. అరచేయంతే ఉంది. ఎవరో కొలత పెట్టి, తోలు మీద తోలు అతికి, అంచులు గరుకు లేకుండా నున్నగా చెక్కి కుట్టారు. బొటనవేలితో అడుగు తడిమి చూసింది. రెండోది కూడా తీసి తడిమింది. రెండూ పక్కపక్కన అరమీద పెట్టి, వేళ్ళు గుమ్మం వైపు తిప్పి, మడమలు గోడకి ఆనించింది. తర్వాత తన చెప్పులు వేసుకుని, లైటు ఆర్పి, గేటు గడియ పెట్టి, సందు మలుపు తిరిగి బస్టాపు వైపు వెళ్ళిపోయింది.

వీధి దీపం వెలుగు ఊచల్లోంచి వచ్చి అరమీద పడింది. ఖాళీ అర మీద ఆ ఒక్క జతే ఉంది, కుడి బూటు మామూలుగా, ఎడమ బూటు అడుగు రెండు వేళ్ళ మందాన పైకి లేచి.